మాట్లాడనివ్వని డబ్బా

"అత్తయ్యా, మాట్లాడకండి! మీ ఊపిరి లోపలికి పోతే లెక్కంతా తారుమారైపోతుంది."

పడవలో అత్తగారు తెరిచిన నోటిని అలాగే మూసేశారు.

నదీ సముద్రమూ కలిసేచోట కోడలు నీటిమీద ఓ డబ్బాను బోర్లించి వదిలింది. నీళ్ళల్లోంచి పైకొచ్చే మీథేనూ, బొగ్గుపులుసు వాయువూ అందులో చేరి, గొట్టం గుండా యంత్రంలోకి వెళ్ళి అంకెలవుతాయి. భూమి వేడెక్కడంలో ఈ నీళ్ళ వాటా ఎంతో తేల్చడం ఆమె ఉద్యోగం. దింపేముందు ఆ డబ్బాను అత్తగారు ఒళ్ళో పెట్టుకుని, గొట్టం దగ్గరి రబ్బరు చుట్టును బొటనవేలితో నొక్కి చూశారు. వంకాయనైనా వియ్యంకుణ్ణైనా నొక్కి చూడనిదే నమ్మరావిడ.

"నిన్నటిదాకా నేను పాటలు పాడినా ఏమీ అనలేదు కదమ్మా?" అన్నాడు పడవవాడు అయోమయంగా.

కోడలు గుడ్లురిమింది. పడవవాడు తెడ్డు అందుకున్నాడు.

అసలు ఆ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు పుట్టింది. అత్తగారికి ఇంట్లో మారుపేరు మైకు. మామగారూ మొగుడూ కూడబలుక్కుని ఆ మైకును పడవెక్కించారు. "ఈ నీళ్ళమీద తిరుగుళ్ళు మానేసి, ఆఫీసులో కుర్చీ ఉద్యోగానికి ఒప్పుకోమని చెప్పు. నువ్వు చెబితే కాదనలేదు" అని వాళ్ళనడం కోడలి చెవిన పడనే పడింది. నిజమే, అత్తగారి మాట తీసెయ్యడం కోడలికి చేతకాదు. అందుకే అసలా మాటే పుట్టకుండా చూసుకోవాలి. కుర్చీకి ఒప్పుకునే గడువు రేపు సాయంత్రంతో సరి. బురద వాసన తగలని ఉద్యోగం తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

డబ్బా తీసి ఇంకోచోట వేసినప్పుడల్లా అత్తగారు కదిలేవారు.

"అమ్మాయ్, నీతో ఒక..."

"ష్!"

మళ్ళీ కొంగు నోటికి అడ్డం. పక్కనుంచి పోయే చేపల పడవవాళ్ళు కేకేస్తే, ఆవిడే పెదవులమీద వేలు పెట్టి గదిమారు. కోడలికి నవ్వొచ్చింది. పెద్దావిణ్ణి పట్టపగలు బురిడీ కొట్టిస్తున్నానే అని మనసూ పీకింది.

ఇల్లు చేరగానే కొడుకు ఎదురొచ్చాడు. "చెప్పావా అమ్మా?"

"ఎక్కడరా! ఆ డబ్బా మాట్లాడనిస్తేగా? ఊపిరి తగిలితే కొంప మునుగుతుందట."

"నువ్వు? పొద్దుట్నించీ నోరు మూసుకున్నావా?" మామగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు.

"రేపైనా చెప్పమ్మా. సాయంత్రంలోగా తేలిపోవాలి" అన్నాడు కొడుకు.

"రేపూ వెళ్తాగా! సందు దొరకగానే చెప్పేస్తా."

బతుకు జీవుడా అనుకుంటూ కోడలు వంటింట్లోకి నడిచింది. వెనకే అత్తగారు వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డారు.

"మీ నోరు కట్టేసినట్టయింది కదా అత్తయ్యా... రేపు కూడా అంతే మరి" అని నసిగింది కోడలు.

అత్తగారు కుక్కరు మూతకు గాస్కెట్టు సర్ది, బొటనవేలితో చుట్టూ నొక్కి చూసి, మూత బిగించారు. హాల్లోకి ఓసారి తొంగిచూసి గొంతు తగ్గించారు.

"గాస్కెట్టు బిగిశాక ఊపిరి ఎటునుంచి దూరుతుందే, పిచ్చిదానా?"