మంచుకొండ రాయి

"మళ్లీ పెట్టారు!"

శ్రీవాణి అరుపు మ్యూజియమంతా మారుమోగింది. తాళ్లు, మంచుగొడ్డళ్లు, ముళ్ల బూట్లు అన్నీ అద్దాల బీరువాల్లో భద్రంగానే ఉన్నాయి. నడుమ దిమ్మె మీదున్న నల్లరాయికి మాత్రం తాజాగా పసుపు, కుంకుమ.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి తనిఖీ బృందం వస్తోంది. వాళ్లు మెచ్చితేనే నాగర్‌కర్నూల్‌లోని ఈ పర్వతారోహణ మ్యూజియానికి గుర్తింపు. లేదంటే తలుపులు మూసుకోవాల్సిందే.

"మ్యూజియం నడపమంటే గుడి నడుపుతున్నారా అని అడుగుతారు. ఏం చెప్పను?" ఇన్‌చార్జి శ్రీవాణి పళ్లు కొరికింది.

పసుపు కనిపిస్తే జనం ఊరుకుంటారా? మొన్న కల్వకుర్తి నుంచి వచ్చినావిడ రాయి ముందు కొబ్బరికాయ కొట్టింది. నిన్న ఒకాయన మేకపోతును వాకిట్లో కట్టేసి, లోపలికి తేవచ్చా అని అడిగాడు. కెమెరాలో చూద్దామంటే కోతులు ఎప్పుడో వైర్లు పీకేశాయి.

నరేందర్ బకెట్టుతో వచ్చాడు. కోడేరు రైతు బిడ్డ. హిమాలయాలెక్కి, ఆ రాయిని వీపున మోసుకొచ్చింది అతనే. సందర్శకులకు కొండల సంగతులు చెప్పేదీ అతనే.

"నేను కడుగుత మేడం. మీరు పరేషాన్ గాకుర్రి."

"రోజూ నువ్వు కడగడం, రోజూ ఎవరో పూయడం! ఇవాళ తేలిపోవాలి. మణెమ్మా!"

ఊడుస్తున్న మణెమ్మ చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది. పొద్దున్నే తలుపులు తీసేది ఆమే.

"ఈ పని నీదేనా?"

"నాకేం పని లేదా అమ్మా? మా ఇంట్ల దేవునికి దీపం పెట్టనీకె తీరుతలేదు, రాళ్లకు పసుపు పూస్తనా?"

"మరెవరు? నువ్వు చూశావా?"

మణెమ్మ తల దించుకుంది. "చూసిన."

"చెప్పు!"

"చెప్పనమ్మా. ఒకరి మొక్కు బైటపెడితే నాకు పాపం తగుల్తది."

శ్రీవాణికి ఒళ్లు మండిపోయింది.

"అయితే నువ్వే. చీపురు అక్కడ పెట్టి వెళ్లిపో. రేపటి నుంచి పనిలోకి రావద్దు."

"ఈ పని మీదనే ఇల్లు నడుస్తున్నదమ్మా..."

"అయితే పేరు చెప్పు."

మణెమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ గడప వైపు నడిచింది.

రాయిని తుడుస్తున్న నరేందర్ చెయ్యి ఆగిపోయింది.

"ఆమెను పంపియ్యకుర్రి మేడం," అన్నాడు తలెత్తకుండానే. "మా తమ్ముడు మధు శవం ఆ హిమాలయాల మంచులనే ఉండిపాయె, వాడు వస్తడు వస్తడని మా అమ్మ పొలంల సమాధి కట్టనిస్తలేదు, గందుకే వాడు పడ్డ తావు నుంచి తెచ్చిన ఈ రాయికి దినాం పసుపు పెడ్తున్నది నేనే."