గరుడపక్షి ఎగిరేదాకా

నూకయ్య వలలో గరుడపక్షి చిక్కింది. అది కోలుకుని ఎగిరిపోయేదాకా ఆ వల తాలూకు బోటు నీళ్లలో దిగకూడదు. భావనపాడులో వాళ్ల వీధికి అది తాతలనాటి కట్టు.

గాయం పెద్దదేం కాదు. పక్షిలోనే ఓపిక లేదు. టెక్కలి నుంచి వచ్చిన పశువుల డాక్టరు ఇందు దాని రెక్క ఎత్తి చూపించింది. ఈకల మధ్య చదునైన ఈగలు అడ్డంగా పరుగెడుతున్నాయి.

"ఇవి రక్తం తాగి బతుకుతాయి. పొట్టలో పురుగులు కూడా ఉన్నాయి. ఈ మందు చేపముక్కలో పెట్టండి. ఈగల్ని ఏరేస్తే వారం తిరక్కుండా ఎగురుతుంది."

నూకయ్య భార్య సన్యాసమ్మ కొంగు బిగించింది. పొద్దున్నే పక్షి తలకి గుడ్డ కప్పి, ఒళ్లో పెట్టుకుని ఈగల్ని ఏరేది. సీసాలో వేసి మూత పెట్టేది. తీసుకెళ్లి సముద్రంలో పారబోయడం నూకయ్య వంతు.

మందుకి పొట్టలో పురుగులు పడిపోయాయి. పక్షి తిండి తింటోంది. ఈగలే తరగడం లేదు. నిన్న శుభ్రం చేసిన మెడ కిందే ఇవాళ మళ్లీ గుంపు!

"ఏటే ఇది? ఇదెప్పుడెగురుతాది, నానెప్పుడు యేటకెళ్తాను?" అని నూకయ్య రంకెలు వేసేవాడు.

ఆ బోటులో అతని బావమరిది రాజేష్‌కీ వాటా ఉంది. "బోటు ఇసకలో ఎండిపోతంది బావా. నీ పేనమంతా సంద్రం మీదే. ఎలా తట్టుకుంటన్నావో!" అన్నాడు జాలిగా.

"కాళ్లూ సేతులూ కట్టీసినట్టుందిరా."

మొన్నటి తుఫానులో బోటు బోల్తాపడితే ఒడ్డుదాకా ఈదుకొచ్చిన మొనగాడు నూకయ్య. అంతటివాడు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడని వీధి వీధంతా నొచ్చుకుంది. ఇంట్లో బియ్యం అడుగంటాయి. పక్షి కూడా రోజురోజుకీ తల వాల్చేస్తోంది.

ఆ రోజు సన్యాసమ్మ పంతం పట్టి, మధ్యాహ్నందాకా కూర్చుని ఒక్క ఈగ మిగలకుండా ఏరింది. పక్షి రెక్కలు విదిల్చింది.

"సూడు మావా, రెక్కలిప్పుతంది! రేపెగిరిపోతాది. నీ సెర తీరిపోనాది."

నూకయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సన్యాసమ్మ కూడా కళ్లొత్తుకుంది. సీసా మొగుడి చేతికిచ్చి, బిందె తీసుకుని కుళాయికి బయలుదేరింది.

ఆమె వీధి మలుపు తిరగగానే నూకయ్య, అలల చప్పుడు వినపడకుండా తువ్వాలు చెవులకి బిగించుకుని, సీసా మూత తీసి ఈగల్ని మళ్లీ పక్షి మెడ కింద వదిలాడు.