పురికొస కొలత

గ్రేసమ్మ అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: కూతురు సలోమి కూడా పెట్టెలో పోతుందేమోనని.

మొదటి బిడ్డ జ్వరమొచ్చి అలాగే పోయాడు. వడ్రంగి వచ్చి, పెట్టె చేయడానికి పురికొసతో తల నుంచి కాలిదాకా కొలిచి, ముడి వేసుకుని వెళ్లాడు. ఆ ముడి ఆమె కళ్లలో ఇంకా అలాగే ఉంది.

సలోమికీ జ్వరమే వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కాళ్లు వాడిన కాడల్లా వేలాడిపోయాయి. నడిచే వయసు దాటినా, గడప దాటాలంటే తల్లి చంకే.

ఆ ఇంటి ముందు ఒక సాయంత్రం ఒక వింత బండి ఆగింది.

మూడు సైకిలు చక్రాలు. వాటి మధ్య వాలుగా ఒక పలక. దాని మీద వెనక్కి ఒరిగి, ముందుకు చాపిన కాళ్లకు దుప్పటి కప్పుకున్న మనిషి. పెడళ్లు కాళ్ల దగ్గర కాదు, రొమ్ము దగ్గరున్నాయి. చేతులతో తిప్పుతున్నాడు.

పక్కింటి మార్తమ్మ చెరుగుతున్న చేట ఆపింది.

"ఏందే ఇది, పాడె మీదోడు లేచి తోలుకొస్తన్నట్టుంది."

"కాసిని మంచినీళ్లు పొయ్యి, చెల్లెమ్మా. గురజాల్లో సైకిళ్లు బాగుచేస్తా. ఇటు పనుండి వచ్చా," అన్నాడతను గ్రేసమ్మతో.

నీళ్లు తాగుతున్నంతసేపూ అతని చూపు అరుగు మీదున్న సలోమి కాళ్ల మీదే ఉంది.

"పుట్టుకతోనా, జరమొచ్చా?"

"నీకెందుకయ్యా?"

అతను వెళ్లాక మార్తమ్మ గొంతు తగ్గించింది.

"ఆ కాళ్లు బాగానే ఉండుంటయ్. దుప్పటి లాగితే లేచి పరిగెత్తుతాడు. తెల్లోళ్ల యుద్ధం రోజులు, ఎవుడు ఏ వేషంలో తిరుగుతన్నాడో."

"మరి మా పిల్లనెందుకు అట్టా చూశాడత్తా?"

"అదే నేననేది. పిల్ల జాగర్త."

అతను మళ్లీ వచ్చాడు. ఈసారి నీళ్లడగలేదు. సలోమికి రెండు వేళ్లు అందించాడు.

"లాగు తల్లీ, గట్టిగా."

సలోమి పళ్లు బిగించి లాగి, పకపకా నవ్వింది.

"చేతుల్లో సత్తువుంది," అనుకున్నాడు తనలో తాను.

గ్రేసమ్మ పిల్లను చప్పున చంకనేసుకుంది. "నా పిల్ల సత్తువతో నీకేం పని?"

"ఉందిలే, చెల్లెమ్మా."

ఏం పనో చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే ఆమె గుండెలో ముల్లులా దిగింది.

నాపరాళ్ల పని నుంచి వచ్చిన మొగుడు యోహానుకు చెబితే అతను నవ్వాడు.

"నడవలేనోడు పిల్లనెట్టా ఎత్తుకపోతాడే?"

"ఆ బండి మీద. పిల్ల పట్టేంత చోటుంది, చూశా."

యోహాను మళ్లీ నవ్వలేదు.

మరికొన్నాళ్లకు గ్రేసమ్మ మంచినీళ్లు తెచ్చుకుని వచ్చేసరికి ఆ బండి అరుగును ఆనుకుని ఉంది. సలోమి వెల్లకిలా పడుకుని కదలకుండా ఉంది. ఆ మనిషి పురికొసతో పిల్లను కొలిచి, ముడి వేస్తున్నాడు.

బిందె ఎప్పుడు జారిందో గ్రేసమ్మకు తెలియదు.

"ఎవురికిరా ఆ కొలత? నా బిడ్డ బతికే ఉంది."

"అది కాదమ్మా, ఒక్క మాట..."

ఆమె వినలేదు. పురికొస లాక్కుని పొయ్యిలో పడేసింది. మార్తమ్మ చీపురుతో వచ్చింది. ఇంకో నలుగురు వచ్చి బండిని తిప్పి, ఊరి చివరిదాకా నెట్టి, మళ్లీ ఈ పొలిమేర తొక్కొద్దన్నారు.

ఆనాటి నుంచి పిల్ల నిద్రపోతే చాలు, గ్రేసమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

మిరపకోతలప్పుడు గురజాల నుంచి గాజులమ్మే జుబేదా వచ్చింది. ఎప్పుడూ నెత్తిన ఉండే గాజుల మలారాన్ని ఒక చిన్న బండిలో పెట్టి నెట్టుకొస్తోంది. రెండు సైకిలు చక్రాల మధ్య గూడులాంటి సీటు, ముందు ఒక కర్రచక్రం, చేతికందేట్టు పెడళ్లు.

"ఇదేంది జుబేదమ్మా?"

"మీ పిల్లదంట. సైకిళ్ల ఏసోబు పంపాడు."

జుబేదా మలారం దింపి సలోమిని కూర్చోబెట్టింది. పిల్ల చేతులు వాటంతట అవే పెడళ్ల మీద పడ్డాయి. ఒక తిప్పు తిప్పింది. బండి కదిలింది. ఇంకో తిప్పు. వాకిలి దాటి బజార్లోకి వెళ్లింది.

పట్టుకోవడానికి చేతులు చాపుకుంటూ పరిగెత్తిన గ్రేసమ్మ నడిమధ్యలో ఆగిపోయింది.

"కొలత దీనికా?"

"మరి దేనికనుకున్నావ్?"

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా."

"నేనూ అడిగా. సామాను దొరుకుద్దో లేదో, ముందే చెప్పి ఆశ పెట్టటం ఎందుకన్నాడు."

"కొలత కాల్చేశానే, మరి?"

"అందుకే సీటు ముందుకీ వెనక్కీ జరిగేట్టు పెట్టాడు. పిల్ల ఎంత పెరిగినా ఇదే సరిపోద్దంట."

ఎంత పెరిగినా. గ్రేసమ్మ ఆ మాట దగ్గరే నిలబడిపోయింది.

"రేపే రమ్మను, జుబేదమ్మా. కాళ్లు పట్టుకుంటా."

"రాలేడు."

"నేనన్న మాటలకా?"

"మాటలకి కాదమ్మాయ్," అని జుబేదా మలారం నెత్తికెత్తుకుంది.

మర్నాడు యోహాను గురజాల వెళ్లాడు. ఏసోబు కొట్టుకు తడిక అడ్డం కట్టి ఉంది. సామాను లేక కొట్టు నడవకపోతే, పత్తి బండి వాళ్లెవరో అతన్ని ఎక్కించుకుని నరసరావుపేట స్టేషను దగ్గర దించారని పక్క కొట్టువాళ్లు చెప్పారు. పని మాని యోహానుకూ, పిల్లను వదిలి గ్రేసమ్మకూ అంత దూరం వెళ్లే వీల్లేదు.

నరసరావుపేట వెళ్లేవాళ్లెవరికైనా స్టేషను దగ్గర నేల మీద కూర్చుని సైకిళ్లు బాగుచేసే మనిషి కనబడితే, అన్నం తిన్నాడో లేదో ఒక్కసారి కనుక్కోండి; యుద్ధంలో చక్రమూ గొలుసూ ఎక్కడా దొరక్క, ఆ పిల్ల కోసం తన బండే విప్పేసినవాడు, పెట్టేవాళ్లు పిలిచినా లేచి వెళ్లలేడు.