ఉయ్యాలల చెట్టు

ఆ క్రిస్మస్‌కు బేతంచెర్ల చర్చి ఆవరణలో వీధికో చెట్టు పెట్టినారు. ఒకదానికి గాజులు, ఒకదానికి పత్తికాయలు, ఇంకోదానికి నున్నటి రాతి ముక్కలు కట్టినారు. జ్వరమొచ్చి నిద్రే పోకుండా ఏడుస్తున్న పసిబిడ్డను టవల్లో చుట్టి భుజాన వేసుకుని, చీకటి పడినాక పక్కింటి మార్తమ్మ వెంట సాజియా ఆ చెట్లు చూడను పోయింది.

గోడవారన, లైట్ల వెలుగు అందని చోట, చివరి చెట్టు నిండా చిన్న చిన్న గుడ్డ ఉయ్యాలలు.

"పిల్లల్లేనోళ్లు కట్టినారు మే. కడితే బిడ్డ వస్తాదంట," అనింది మార్తమ్మ.

"యాడ నుంచి వస్తాదక్కా?"

"యాడ నుంచో వస్తాదిలే! నీకుండాడు గదా, నీకెందుకే?" నవ్వుకుంటా ఆమె టీ ఇచ్చే చోటికి పోయింది.

గాలి లేదు. ఉయ్యాలలేవీ కదలడం లేదు. కింది కొమ్మకున్నది మాత్రం మెల్లగా ఊగుతోంది. అది ఊగేకొద్దీ బిడ్డ ఏడుపు సన్నబడి, ఆగిపోయింది. అల్లా దయ, నిద్రపోయినాడనుకుంది సాజియా.

కిర్రుమని కొమ్మ వంగింది. ఉయ్యాల బరువుగా కిందికి దిగింది.

ఆమె బిడ్డ వీపు తట్టింది. చేతి కింద టవలు ఖాళీగా అణిగిపోయింది.

టవలు విప్పాలో, ఉయ్యాలలోకి తొంగి చూడాలో తెలీక, సాజియా అట్లనే నిలబడిపోయింది.