డ్యూక్ తమ్ముడు

అన్నం కలపబోయిన రాజయ్య చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది.

వరండాలో అటూ ఇటూ తిరుగుతూ అన్న కూతురు రమ పరీక్షకు చదువుకుంటోంది. గొంతెత్తి చదివితే గాని ఆ పిల్లకు బుర్రకెక్కదు.

"ఇటలీలోని టస్కనీ గ్రాండ్ డ్యూక్ మొదటి ఫ్రాంచెస్కో పాలన మీద శ్రద్ధ పెట్టలేదు. రాజ్యాన్ని మంత్రులకు వదిలేసి, ప్రయోగశాలలో పొడులు, మందులు కలుపుతూ కాలం గడిపేవాడు. చాలాకాలంగా పడని తమ్ముడు 1587లో రాజీకని అతని పల్లె మేడకు వచ్చాడు. ఇద్దరూ కలిసి వేటాడారు. కలిసి భోంచేశారు..."

రాజయ్య చూపు అన్న చేతుల మీద పడింది. నూలుకు రంగులద్దే పోచయ్య గోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. ఇవాళ నీలం. ఆ చేతులతోనే బగారన్నం, నాటుకోడి కూర వండి, రెండు స్టీలు పళ్లేల్లో వడ్డించాడు. వదిన జగిత్యాల పోయిందట. రమ నీసు తినదు. అంటే ఈ కూర తినేది తామిద్దరే.

"తిను తమ్మీ, సల్లారిపోతది," అన్నాడు పోచయ్య.

"తింట అన్నా." రాజయ్య వరండా వైపు తల తిప్పాడు. "బిడ్డా, గా డ్యూక్ ఏమైండు?"

"సచ్చిపోయిండు చిన్నబాపు. తెల్లారే ఆయన భార్య గూడ పోయింది. డాక్టర్లు జొరమన్నరు. జనం విషమన్నరు."

"మరి తమ్ముడు?"

"తమ్ముడే డ్యూక్ అయిండు. ఇంకో ముచ్చట గూడ చెప్తరు. డ్యూక్ భార్య మరిదిని సంపాలని విషం కలిపి తీపి రొట్టె చేసిందట. ఆయనకు అనుమానమొచ్చి ముట్టలే. ఎరుకలేక డ్యూకే తిన్నడట. నిజమో కాదో, పుస్తకంలైతే ఉన్నది."

రాజయ్య అంగీ వీపుకు అంటుకుపోయింది. కిందికి వంగి కూర వాసన చూశాడు. మసాలా వాసన తప్ప ఇంకేమీ లేదు. దాంతో భయం ఇంకా పెరిగింది.

నాయిన కట్టిన మరమగ్గాల షెడ్డు తనకే చెందుతుందని కోర్టు తీర్పు చెప్పి నెలైంది. సోమవారం కల్లా అన్న ఖాళీ చెయ్యాలి. అలాంటి మనిషి నిన్న తనే ఫోన్ చేసి, "కొట్లాటలు సాలు తమ్మీ, సిరిసిల్ల రా, కలిసి తిందాం," అన్నాడు. పొద్దున కోరుట్లలో బస్సెక్కిస్తూ భార్య కల్యాణి ఒకటే మాట చెప్పింది. "గా ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టకు." సరేనని తల ఊపి వచ్చిన పెద్దమనిషి ఇప్పుడు నాటుకోడి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, దుకాణంకు పోయి పెరుగు తీస్కరాపో," అన్నాడు పోచయ్య.

రమ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. చుట్టూ షెడ్లలో మగ్గాల మోత. గొంతు చించుకుని అరిచినా పక్కింటికి వినబడదు.

"నువ్వు తినన్నా ముందుగాల."

"ఇంటికచ్చిన తమ్మునివి. నువ్వు ముద్ద పెట్టుకున్నంకనే నేను."

"నాకు జర గ్యాసున్నది..."

"ఇంక గా కోపమే పెట్టుకున్నవా? షెడ్డు నీదే తమ్మీ. సోమవారం నా మగ్గాల సాంచాలు ఇప్పుకొని పోత. గిప్పుడైతే తిను." పోచయ్య చిన్నగా నవ్వాడు. తీర్పు చెప్పిన రోజు కోర్టు మెట్ల మీద కూడా ఇలాగే నవ్వాడు. "నిమ్మకాయ పిండుకుంటవా? ఉండు, తెస్త."

అన్న వంటింట్లోకి వెళ్లగానే రాజయ్య రెండు పళ్లేలూ గబగబా మార్చేశాడు. ఆ తొందరలో నాలుగు మెతుకులు చాప మీద రాలాయి. వాటిని ఏరి, ఏం చెయ్యాలో తోచక జేబులో వేసుకున్నాడు.

పోచయ్య వచ్చి కూర్చున్నాడు. నిమ్మచెక్క పిండి, ముద్ద కలిపి, నోటి దాకా ఎత్తాడు.

"వద్దన్నా" అనే మాట రాజయ్య నాలుక చివరి దాకా వచ్చింది. బయటికి రాలేదు. విషం కలపకపోతే భయం లేదు, కలిపి ఉంటే అది అన్న చేజేతులా చేసుకున్నదే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అయినా ఆపబోయినట్టు చెయ్యి సగం చాపాడు. తోడబుట్టినవాడు కదా!

పోచయ్య తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. కోడి కాలు చీకాడు. హాయిగా తేన్చాడు.

"ఏంది తమ్మీ, గట్ల సూస్తున్నవ్?"

ఏమీ కాలేదు. రాజయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెనకే సిగ్గూ ముంచుకొచ్చింది. పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపు ఒక్కసారిగా భగ్గుమంది. ఇక మాటా పలుకూ లేకుండా తిన్నాడు. ఎముకలు కూడా వదల్లేదు. పళ్లెం వేలితో తుడిచి నాకాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికి మాత్రం కాదు.

"అన్నా, నన్ను మాఫ్ చెయ్యి."

"ఏమైందిరా?"

"పిల్ల సదివిన ముచ్చట ఇని నాకు పాపపు ఆలోచన అచ్చింది. నువ్వు లోపలికి పోంగనే పళ్లేలు మార్చిన. నీ పళ్లెంల అన్నమే నేను తిన్న."

పోచయ్య తమ్ముడి ఖాళీ పళ్లెం వైపు చూశాడు. నింపాదిగా చెయ్యి కడుక్కుని, భుజం మీది తువాలతో తుడుచుకున్నాడు.

"నాకెరుకే తమ్మీ," అన్నాడు. "చిన్నప్పటి సంది నీ కన్ను నా పళ్లెం మీదనే. అందుకనే నా పళ్లెంలనే కలిపిన."