పద్నాలుగో పేజీ, మూడో పేరా

"పద్నాలుగో పేజీ, మూడో పేరా. ఇది కొట్టేస్తే సంతకం పెడతాను," అన్నాడు మాస్టారు, ఆస్పత్రి మంచం మీద బాసింపట్టు వేసుకుని.

రీసెర్చి నర్సుకి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఒప్పుకోలు పత్రం ఆయన చేతిలో పెట్టింది మధ్యాహ్నం రెండింటికి. ఇప్పుడు నాలుగున్నర. పొద్దున ఏడింటికి ఆయనకి గుండె ఆపరేషను. ఆపరేషనైన వాళ్ళకి గుండె లయ తప్పకుండా చూసే కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది. అరవై మంది రోగులు కావాలి. యాభై తొమ్మిది మంది దొరికారు. అరవయ్యో మనిషిగా దేవుడు ఏరికోరి ఈయన్ని పంపించాడు.

"కొట్టెయ్యడానికి ఇదేమన్నా మీ పిల్లల కాంపోజిషన్ పుస్తకమా మాస్టారూ? ఒక్క అక్షరం మార్చకూడదు. ఇష్టమైతే చేరండి, లేకపోతే మానెయ్యండి. చేరకపోయినా మీ వైద్యం మీకు జరుగుతుందని మొదటి పేజీలోనే ఉంది."

"ఉంది, చదివాను. అందులో రెండు అచ్చుతప్పులు కూడా ఉన్నాయి. దిద్దాను."

నిజంగానే దిద్దాడు, ఎర్ర పెన్నుతో! ఆస్పత్రికొస్తూ పాత రిపోర్టులు ఇంట్లో మరిచిపోయాడు గానీ పెన్ను మాత్రం మరిచిపోలేదు మహానుభావుడు.

పక్కన స్టూలు మీద కూర్చున్న భార్యకి కూడా ఓపిక అయిపోయింది. "ఏమండీ, పాపం ఆ పిల్ల రెండింటి నుంచీ నిలబడే ఉంది. పెడితే పెట్టండి, లేదంటే లేదని చెప్పండి. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం దేనికి? ఇన్నేళ్ళుగా ఎవరు ఏ కాగితం ఇచ్చినా చూడకుండా గీకేశారుగా!"

"అవి కాగితాలే. ఇది నా మెడ."

మాస్టారు పైకి చదివాడు. "'మెడ నరములో అమర్చిన గొట్టమును రక్త నమూనాల నిమిత్తము నాలుగవ రోజు వరకు ఉంచెదరు.' మామూలుగా అయితే ఎప్పుడు తీస్తారమ్మా?"

"రెండో రోజు."

"మరి ఆ పై రెండ్రోజులు దేనికి?"

"ఆరు గంటలకోసారి రక్తం తియ్యాలి కదండీ. మాటిమాటికీ సూది గుచ్చకుండా, మీ సుఖం కోసమే."

"నా సుఖమా! పదిహేనో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో చదువు."

నర్సు చదివింది. గొట్టం ఎక్కువ రోజులు ఉంటే ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుందని ఉంది. యాభై తొమ్మిది మందికి ఆ పత్రాన్ని గడగడా ఒప్పజెప్పింది గానీ, ఆ రెండు మాటలనీ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. అది బయటపడేసరికి కోపం వచ్చింది.

ఇంతలో ఫోను మోగింది. పెద్ద డాక్టరు. ఇది నాలుగోసారి.

"సంతకమైందా?"

"ఇంకా లేదు సార్."

"ఏం చేస్తున్నాడాయన?"

"చదువుతున్నారు సార్."

"చదవడమేంటి?" అని ఆయన విసుక్కుని పెట్టేశాడు.

"చూడమ్మా, పదిమందికి పనికొచ్చే పని నేను కాదనను," అన్నాడు మాస్టారు. "చేతికి సూది గుచ్చుకోండి. గంటకోసారి గుచ్చుకోండి, కిక్కురుమంటే అడుగు. కానీ అక్కర్లేని గొట్టం మెడలో ఉంచడమేమిటి? అందరికీ అలాగే ఉంచారా?"

"ఉంచాం."

"ఎవరికైనా జ్వరం గిరం వచ్చిందా?"

నర్సు గొంతు తగ్గించింది. "నలుగురికి వచ్చిందండీ. ముగ్గురికి తగ్గిపోయింది. ఒకాయన ఇంకా ఐసీయూలోనే ఉన్నారు."

"అయ్యో రామ!" అంది భార్య.

మాస్టారి మొహం జేవురించింది. "ఎవడమ్మా దీన్ని ఒప్పుకున్నవాడు? వాడికి కళ్ళు నెత్తిమీదున్నాయా? ఇంతమందిలో ఒక్క వెధవకి కూడా అడగాలని తోచలేదూ?"

నర్సుకి ఒళ్ళు మండింది. విసవిసా వెళ్ళి తన గదిలోంచి లావాటి ఫైలు తెచ్చి, మధ్యలో ఒక కాగితం తీసి ఆయన ముందు పడేసింది.

"ఇదిగో! దీన్ని నేను రాయలేదు, నేను ఒప్పుకోలేదు. ఈ పరిశోధనకి అనుమతిచ్చింది మా ఆస్పత్రి కమిటీ కూడా కాదు. మెడికల్ కాలేజీలో ఏడుగురు పెద్దలు కూర్చుని సంతకాలు పెట్టారు. ఆరుగురు డాక్టర్లు, లాయర్లు. వాళ్ళకి తోచకపోయినా రోగుల తరఫున అడగడానికి బయట నుంచి ఒక పెద్దమనిషిని ప్రత్యేకంగా పెట్టారు. ఆయన ఉన్నదే అందుకు! ఆయన అప్పుడు నోరు మెదపకుండా, మీరిప్పుడు నన్ను పీక్కుతింటే నేనేం చెయ్యను? అడిగితే ఈయన్ని అడగండి!" అంటూ చిట్టచివరి సంతకం మీద వేలు పెట్టింది.

మాస్టారు కాగితం అందుకున్నాడు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు.

"అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారేం?" అంది భార్య. "ఇందాకటి నుంచీ ఈ పిల్లని కాల్చుకుతిన్నారుగా. ఆ పెద్దమనిషెవరో చెప్పండి, ఫోన్ చేసి నేనే కడిగేస్తాను."

మాస్టారు నర్సు వైపు చూడలేకపోయాడు.

"ఆ రోజు మా ముందు పదకొండు ఫైళ్ళు పెట్టారమ్మా," అన్నాడు. "ఒక్కటీ చదవలేదు... ఆ సంతకం నాదే."