అసలు సిసలు రాట్నం

"ఆపకక్కా, అలాగే తొక్కుతూ ఉండు!" అంటూ ఉర్హో గుమ్మంలోనే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

హెల్వి కాలితో తొక్కే రాట్నం మీద మేజోళ్లకని ఉన్ని వడుకుతోంది. ఫిన్లండ్‌లో పాత రాట్నాలకు తనను మించిన వైద్యుడు లేడని తమ్ముడి నమ్మకం.

ఉర్హో భూతద్దం తీశాడు. "అబ్బ! పాదం ఒరిపిడికి తొక్కుడు పలక ఎలా గుంటపడిందో! కొక్కేలకి దారం కోసిన గాట్లు చూడు! అసలు సిసలు సరుకంటే ఇదీ. నా దగ్గర ఇన్నున్నాయా, ఇలాంటిది ఒక్కటి లేదు. ఎక్కడ దొరికిందక్కా?"

"మీ సౌనాలో, ఆ ఆవిరిస్నానాల గది పొయ్యి పక్కన, కట్టెల్లో."

"ఏ దద్దమ్మ పడేశాడు?"

"నువ్వేరా. అమ్మమ్మ రాట్నం బాగుచేస్తానని పట్టుకెళ్లావుగా. అరిగిందని ఒకటి, వంకరపోయిందని ఒకటి పీకేసి అన్నీ కొత్తవి వేశావు. నువ్వు పీకినవి ఏరుకొచ్చి బిగించుకున్నా."

ఉర్హోకి తన అద్దాల బీరువాలో తళతళలాడుతున్న రాట్నం గుర్తొచ్చింది. అందులో అమ్మమ్మది అనదగ్గది, దానికి తను అంటించిన పేరుచీటీ ఒక్కటే.

"ఇది నాకిచ్చెయ్యక్కా," అన్నాడు నీరసంగా.

హెల్వి పలక తొక్కుతూనే ఉంది.

"అమ్మో! ఇస్తే దీన్నీ బాగుచేస్తావు."